గంజిపెట్టిన తెలుపు: తెలుగు చిత్రసీమలో నిరాడంబర వేషం చరిత్ర

సంస్కృతంలో ‘ఆడంబర’ శబ్దానికి ఉన్న పాత అర్థాలలో ఒకటి పెద్ద భేరి, ఆ భేరి మోత. ఆ మోత నుంచే డాబు, దర్పం, అట్టహాసం అనే అర్థాలు పుట్టి తెలుగులో స్థిరపడ్డాయి. ఆ లెక్కన నిరాడంబరమైన వేషం అంటే తన రాకను తాను చాటుకోని వేషం. తెలుగు సినిమా పరిశ్రమకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల చరిత్రలో ఇటువంటి వేషానికి చోటుండదని పైపైన చూసేవారికి అనిపించవచ్చు. అయితే ఆ కొండల మీది స్టూడియోలనూ, వాటి దిగువన కృష్ణానగర్, యూసఫ్‌గూడ, రహమత్ నగర్, బోరబండ దాకా పరచుకున్న ఇరుకు వీధులనూ కలిపి చూసినప్పుడు, సాదా బట్టకు అక్కడ ఎంతో పొడవైన చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రలో ధరించినవారి పేర్లు మిగిలినంతగా ఆ బట్టను వడికి, నేసి, కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసినవారి పేర్లు మిగలలేదనీ తెలుస్తుంది.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వీటిలో ఆహార్యం అంటే వేషభూషలు, బయటి నుంచి తెచ్చి నటుడికి అమర్చేవి. ఈ మాటలోనే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. వేషం ఎంత సాదాగా ఉన్నా అది ఎక్కడి నుంచో, ఎవరి చేతుల మీదుగానో రావలసిందే. నిరాడంబరతను ఒక వ్యక్తి అభిరుచిగా, మనోనిగ్రహంగా కొనియాడడం మనకు అలవాటు. ఒక వృత్తిగా, ఒక వ్యాపారంగా, ఎందరో పంచుకున్న పనిగా దాన్ని చూడడం అరుదు. తెలుగు చిత్రసీమ వేషధారణ చరిత్రకు ఈ రెండవ చూపు ఎంతో అవసరం.

హైదరాబాదులో ఆడంబరానికీ నిరాడంబరానికీ సరిహద్దు ఒకే వంశంలో, తండ్రీకొడుకుల మధ్య కనిపిస్తుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ (1866–1911) తొడిగిన బట్ట మళ్లీ తొడగడని ప్రతీతి. ఆయన దుస్తులను దాచిన బీరువాల వరుస పురానీ హవేలీలో ఒక భవనభాగం పొడవునా రెండు అంతస్తులుగా నేటికీ నిలిచి ఉంది, పై అంతస్తుకు చేరడానికి చేతితో తిప్పే చెక్క లిఫ్టు కూడా అందులోనే ఉంది. ఆయన కుమారుడు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను 1937 ఫిబ్రవరి 22 నాటి ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా పరిచయం చేసింది. ఇంటిపట్టున ఆయన మాత్రం సాదా నూలు బట్టలతో, నలిగిన పాత టోపీతో గడిపేవాడని సమకాలికులు రాశారు. తండ్రి వస్త్రాగారం ఎందరో దర్జీలకు, అద్దకంవారికి, నౌకర్లకు జీవనాధారమైతే, కొడుకు పొదుపు ప్రజల నోళ్లలో కథలు కథలుగా మిగిలింది. రాజు సాదాగా ఉండడం ఆయన ఇష్టం; బీదవాడు సాదాగా ఉండడం అతనికి తప్పని స్థితి. ఈ తేడాను చెరిపివేసి, సాదా బట్టకు అందరికీ సమానమైన గౌరవం తెచ్చిపెట్టిన ఘనత ఖద్దరు ఉద్యమానిది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలనీ, కోటిమంది సభ్యులను చేర్చాలనీ, ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలనీ తీర్మానించింది. అదే ఏడాది సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, ధోవతి విడిచి కొల్లాయి కట్టారు. అంతవరకు లేమికి గుర్తుగా ఉన్న ముతకబట్ట ఆ రోజులలో ఆంధ్రదేశమంతటా ఆత్మగౌరవానికి గుర్తు అయింది. ఖద్దరు అంటే చేత వడికిన నూలుతో చేత నేసిన బట్ట. వడకడం, నేయడం అనే రెండు పనులలోనూ యంత్రం ప్రమేయం ఉండకూడదనేది దాని నియమం.

ఖద్దరు అనగానే ముతకదనం గుర్తుకు రావడం సహజం గాని, శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. అక్కడ పొట్టిపింజ గల కొండపత్తిని తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా పట్టుకుని గింజ మీది పింజను దువ్వుతారు. ఆ ఎముకలోని సన్నని పళ్లు పింజను తెంచకుండా నలుసులను తీసివేస్తాయి. తరువాత గింజను వేరుచేసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, ఆ ఏకులలోని తేమ పోకుండా అరటి దొప్పలలో ఉంచి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. ఈ పనులలో చాలాభాగం స్త్రీలవి. నూలు సన్నదనాన్ని ‘కౌంటు’ అనే కొలతతో చెబుతారు: ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. పొందూరులో వడికే మేలురకం నూలు 100 కౌంటును దాటుతుంది. అంటే అర కిలోకు కొంచెం తక్కువ బరువుగల దూది నుంచి 84,000 గజాల దారం, దాదాపు 77 కిలోమీటర్ల పొడవున, వేళ్ల మధ్య నుంచి సాగి వస్తుంది. ఏ రంగూ, ఏ పువ్వూ లేని తెల్ల పంచె ఇంత శ్రమను తనలో దాచుకుని, చూసేవారికి కేవలం సాదాగా కనిపిస్తుంది.

పాశ్చాత్య ఫ్యాషన్ చరిత్రలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది. 19వ శతాబ్దం తొలినాళ్ల లండనులో బ్యూ బ్రమ్మెల్ ముదురురంగు కోటు, శుభ్రమైన తెల్లని మెడబట్టలతో సాదాతనాన్ని పెద్దమనుషుల లక్షణంగా మార్చినప్పుడు, దాని వెనుక చాకిరేవు పనీ, నేర్పరులైన దర్జీల కత్తిరింపూ ఉన్నాయి. 1926లో కొకో షనెల్ రూపొందించిన నల్లని సాదా గౌనును ‘వోగ్’ పత్రిక ఫోర్డు కారుతో పోల్చింది. సాదాతనం పెద్దయెత్తున అమ్ముడుపోయే సరుకు కాగలదని ఆ పోలిక ముందే చెప్పింది. 1960లలో చిత్రకళ, శిల్పాల చర్చలలో స్థిరపడిన మినిమలిజం అనే మాట, ఉన్నవాటిలో అవసరమైనవే మిగుల్చుకోవడం అనే అర్థంతో, తరువాత దుస్తుల వ్యాపారంలోకి వచ్చింది.

తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైంది. పురాణ కథలు ఎక్కువగా ఉన్న ఆ తొలి ఏళ్లలో ఆహార్యమంటే కిరీటాలు, భుజకీర్తులు, జరీబట్టలు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి ఫిలిమ్స్ నిర్మించిన ‘మాలపిల్ల’, చలం కథ ఆధారంగా, అస్పృశ్యతను ఎదిరించే ఇతివృత్తాన్ని తెరకెక్కించడంతో సమకాలిక గ్రామీణుల మామూలు బట్టలు కథకు అవసరమైన ఆహార్యంగా మారాయి. 1945లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘స్వర్గసీమ’, నటీమణి మెరుపుకూ ఇల్లాలి సాదాతనానికీ మధ్య నలిగిన ఒక సంపాదకుడి కథగా, ఈ రెండు వేషాల పోటీనే వస్తువుగా చేసుకుంది. ఆ కాలపు స్టూడియోలలో తెల్లబట్ట పెద్ద సమస్య. నలుపు–తెలుపు ఫిల్ము మీద అచ్చమైన తెలుపు దీపాల వెలుగుకు మరీ మెరిసి, అంచులు చెదిరి, నటుడి ముఖం మీది భావాన్ని మింగివేస్తుంది. కాబట్టి కెమెరా ముందుకు వెళ్లే తెల్లబట్టను పలచని టీ డికాషన్‌లోనో లేతరంగు నీళ్లలోనో ముంచి, ఆరబెట్టి, గంజిపెట్టి ఇస్త్రీ చేయడం సినిమా లోకమంతటా ఉన్న పద్ధతి. ప్రేక్షకుడు చూసిన మల్లెపూవులాంటి తెలుపు నిజానికి తెలుపు కాదు. అది కాస్ట్యూమర్ చేతిలో సిద్ధమైన రంగు.

కాస్ట్యూమర్ అంటే నటీనటుల దుస్తులను సమకూర్చి, కుట్టించి, అద్దెకు తెచ్చి, సన్నివేశం నుంచి సన్నివేశానికి అవి మారకుండా కాపాడే వృత్తి నిపుణుడు. నెలల తేడాతో చిత్రీకరించిన రెండు సన్నివేశాలు తెరమీద వెనువెంటనే వచ్చినప్పుడు, చొక్కా చేతి మడత, బొత్తాము, చెమట మరక ఒకేలా ఉండాలి. దీన్ని కంటిన్యూటీ అంటారు. సాదా వేషంలో ఈ పని మరింత కష్టం, ఎందుకంటే చూపును మరల్చే అలంకారం ఏదీ లేనిచోట చిన్న తేడా కూడా బయటపడుతుంది. ఈ వృత్తికి తెలుగు సినిమాలో దక్కిన గౌరవానికి ఒక మంచి గుర్తు ‘కాస్ట్యూమ్స్’ కృష్ణ పేరు. విజయనగరం ప్రాంతం నుంచి 1950లలో మద్రాసు చేరి దుస్తుల శాఖలో ఎదిగిన ఆయన, 1991లో కోడి రామకృష్ణ ‘భారత్ బంద్’తో నటుడై, నిర్మాతగానూ పేరు తెచ్చుకున్నా, 2023 ఏప్రిల్ 2న కన్నుమూసేవరకు వృత్తి పేరే ఆయనకు ఇంటిపేరుగా నిలిచింది.

మద్రాసులో వేళ్లూనిన ఈ పనులన్నీ హైదరాబాదుకు ఒక్కసారిగా రాలేదు. ‘మాలపిల్ల’ను నిర్మించిన సారథి సంస్థ అధిపతి, చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ చొరవతో 1950లలో అమీర్‌పేట–యూసఫ్‌గూడ ప్రాంతంలో సారథి స్టూడియో వెలిసింది. 1960లలో అక్కినేని నాగేశ్వరరావు నివాసాన్ని హైదరాబాదుకు మార్చుకుని, 1970ల మధ్యలో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పారు. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఆ తరువాత కొండల మీదికి వచ్చాయి. బండరాళ్లు, పొదలు తప్ప మరేమీ లేని ఎత్తులలో నటులూ నిర్మాతలూ ఇళ్లు కట్టుకోగా, రోజుకూలీ మీద, పిలుపు మీద బతికే లైట్‌బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ సహాయకులు, కాస్ట్యూమ్ అసిస్టెంట్లు నడిచి చేరగల దూరంలో, దిగువన గదులు అద్దెకు తీసుకున్నారు. కృష్ణానగర్ కూడలి జూనియర్ ఆర్టిస్టుల అడ్డాగా పేరు పొందింది. కొండల మీది విశాలమైన బంగళాలూ, రహమత్ నగర్‌లోని ఒక్క గది ఇళ్లూ ఈ విధంగా ఒకే పరిశ్రమ రెండు చివరలుగా రూపొందాయి. ఆ వీధులలోని కుట్టుమిషన్లు, బొగ్గుల ఇస్త్రీ బండ్లు, డాబాల మీద ఆరే బట్టలు చిత్రసీమ ఆహార్యశాలకు కొనసాగింపే.

ఈ పరిశ్రమలోని పెద్దలలో ముగ్గురి వేషధారణ ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుచేసుకోదగినది. తెరమీద జమీందారుగా, దసరా బుల్లోడిగా ఎన్నో సొగసులు ధరించిన అక్కినేని, నిత్యజీవితంలో పొందూరు ఖద్దరు పంచెను మనసారా ఇష్టపడ్డారు. ఆయన కట్టడం వల్ల ఆ నేతకు వచ్చిన ప్రచారం ఏ ప్రకటనకూ రాలేదు. కిరీటధారిగా జనం గుండెలలో నిలిచిన ఎన్.టి. రామారావు 1982లో తెలుగుదేశం పార్టీ స్థాపించి చైతన్యరథం మీద ఊరూరా తిరిగినప్పుడు శ్రామికుల ఖాకీ తొడిగారు. ఇక కె. విశ్వనాథ్ వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పని నేర్చుకుని, దర్శకుడైన తరువాత షూటింగ్ జరిగినంత కాలం ఖాకీ దుస్తులే వేసుకునేవారు. సెట్టు మీద లైటు మోసే మనిషితో పాటు తానూ ఒక పనివాడినని మరచిపోకుండా ఉండడానికే అలా చేసేవాడినని ఆయన చెప్పుకున్నారు. పారసీకంలో ‘ఖాక్’ అంటే దుమ్ము, మట్టి; ఆ రంగు బట్టకు మాసిన గుర్తు కనబడదు. సాదా వేషాన్ని వ్యక్తిగత శైలిగా గాక, తోటివారితో సమానతకు హామీగా ధరించిన ఉదాహరణ తెలుగు సినిమాలో ఇంతకు మించినది లేదు.

1970లలో రంగుల ఫిల్ము విస్తరించడంతో తెరమీది దుస్తులు అంగడి సరుకును నేరుగా ప్రభావితం చేయడం మొదలైంది. నటి వాణిశ్రీ కొప్పు, ఆమె చీరకట్టు, జాకెట్టు తీరు ఊళ్లలోని పెళ్లిళ్లకూ పేరంటాలకూ చేరాయి. ఆ మెరుపుల నడుమనే 1975లో బాపు ‘ముత్యాల ముగ్గు’ వచ్చింది; పొడవైన జడ, నుదుట బొట్టు, ఒంటినిండా చుట్టిన చీరతో తెలుగింటి ఆడపిల్ల అందాన్ని చూపిన ఆయన చూపు నుంచి ‘బాపు బొమ్మ’ అనే మాట వాడుకలో స్థిరపడింది. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన విశ్వనాథ్ ‘శంకరాభరణం’లో సంగీత విద్వాంసుడి పంచె, ఉత్తరీయం కథానాయకుడి వేషమయ్యాయి, నడివయసు మనిషి తెల్లబట్టలతో నడిచివస్తే హాళ్లు నిండుతాయని ఆ చిత్రం నిరూపించింది. సరిగ్గా 43 ఏళ్ల తరువాత, అదే తేదీన, 2023లో విశ్వనాథ్ హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు.

తెర సాదాతనాన్ని ఆదరించిన ఆ దశాబ్దాలలోనే దాన్ని నేసే మగ్గం కష్టాలలో పడింది. ఇందుకు మంగళగిరి మంచి ఉదాహరణ. మంగళగిరి నూలుచీరకు ఒంటి మీద బుటా ఉండదు. మైదానంలాంటి సాదా నేత, సన్నని జరీ అంచు, పైటకొంగున చారలు మాత్రమే దాని అందం. ఆ నేత పటిష్ఠంగా రావడానికి పడుగును, అంటే నిలువు దారాలను, తెల్లవారుజామున వీధి పొడవునా చాచి గంజి పట్టిస్తారు. గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు పేకను, అంటే అడ్డుదారాన్ని, ఖాళీ లేకుండా బిగిస్తాడు. పూవుల చీరలో దాగే పొరపాటు సాదా చీరలో దాగదు. అయితే మరమగ్గం అన్నిటికన్నా సులువుగా అనుకరించగలిగేది కూడా ఈ సాదా నేతనే. ఆ పోటీ నుంచి కాపాడడానికి 1985లో వచ్చిన చేనేత రిజర్వేషన్ చట్టం కింద చీర, పంచె, తువ్వాలు, లుంగీ వంటి 22 రకాలను చేతిమగ్గానికే కేటాయించారు. తరువాత ఆ జాబితా 11 రకాలకు కుదించుకుపోయింది. దూరం నుంచి రెండు బట్టలూ ఒకేలా కనిపిస్తున్నప్పుడు ధర తక్కువైన దానినే కొనేవాడు ఎంచుకోవడంతో, సాదా నేతే అన్నిటికన్నా ముందు దెబ్బతిన్నది.

ఈ పరిస్థితిలో సాదా నూలుకు నగరంలో కొత్త గిరాకీ తెచ్చినవారిలో చేనేత సంస్థలూ, కొందరు సినిమా దర్శకులూ ఉన్నారు. హైదరాబాదులో ఉజ్రమ్మ ముందుండి నడిపిన దస్త్‌కార్ ఆంధ్ర సహజరంగుల అద్దకాన్నీ నేతగాళ్ల సహకార సంఘాలనూ పట్టణపు కొనుగోలుదారులతో కలిపింది. ఆమె ప్రయత్నం నుంచే తరువాత ‘మల్ఖా’ పుట్టింది. మల్‌మల్, ఖాదీ అనే రెండు మాటల కలయిక అయిన ఈ బట్ట కోసం పత్తిని బేళ్లుగా అదిమి కట్టకుండా, పండిన చోటికి దగ్గరలోనే చిన్న యంత్రాల మీద నూలు తీస్తారు. అదుముడు దెబ్బ తగలని పింజ వల్ల బట్ట మెత్తగా, గాలాడేదిగా ఉంటుంది. 2004లో శేఖర్ కమ్ముల ‘ఆనంద్’ నాయిక నూలుచీరలతో మధ్యతరగతి అమ్మాయిలకు ఆదర్శమైంది. 2006లో వచ్చిన ఆయన ‘గోదావరి’లో నాయిక సీత ఏకంగా ఒక బొటిక్ నడిపే యువతి, నచ్చిన బట్టలు అమ్ముకుంటూ నష్టాలతో సతమతమయ్యే ఆ పాత్ర ద్వారా, ఫ్యాషన్ అంటే మెరుపు మాత్రమే కాక అద్దె, అప్పు, పట్టుదల అని కూడా తెలుగు సినిమా చెప్పింది.

ఇదే కాలంలో ‘మగ్గం’ అనే మాటకే హైదరాబాదులో అర్థం మారింది. రహమత్ నగర్ మొదలుకొని నగరంలో ఎక్కడ చూసినా కనిపించే ‘మగ్గం వర్క్’ బోర్డులకూ నేతకూ సంబంధం లేదు. జాకెట్టు బట్టను చెక్క చట్రానికి బిగించి, ఇరువైపులా కూర్చుని ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే జర్దోజీ పనికే ఇప్పుడా పేరు. ఎంత కుట్టు పడితే అంత కూలి అనే ఈ పనిలో పెళ్లిళ్ల కాలం బతుకుతెరువును నిలబెడుతుంది. కాబట్టి నిరాడంబరతను మెచ్చుకునేవారు ఈ అలంకారాన్ని చిన్నచూపు చూడడం న్యాయం కాదు. సాదా బట్ట నేసేవారికైనా, పూసలు కుట్టేవారికైనా కావలసినది చేసిన పనికి తగిన ధర.

గత పదేళ్లలో నిరాడంబరత నటుల పేరుతో అమ్ముడయ్యే సరుకుగా మారింది. మొదటి జాతీయ చేనేత దినోత్సవం జరిగిన 2015 ఆగస్టు 7నే, సంపన్నుడు పల్లెకు వెళ్లి లుంగీ కట్టే ‘శ్రీమంతుడు’ విడుదలైంది. ఆ కథానాయకుడు మహేష్ బాబు 2019లో వినయాన్ని సూచించే ‘హంబుల్’ పేరుతో దుస్తుల వ్యాపారం ప్రారంభించారు. అంతకుముందు ఏడాదే విజయ్ దేవరకొండ ‘రౌడీ’, మరుసటి ఏడాది సమంత ‘సాకీ’ వచ్చాయి. 2018 నాటి ‘మహానటి’ కోసం సావిత్రి చీరలను తిరిగి సృష్టించిన ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకు ఉత్తమ వస్త్రాలంకరణకు జాతీయ పురస్కారం లభించింది. తెరమీది చీర వెనుక ఉన్న నేతను ఆ సత్కారం దేశమంతా గమనించేలా చేసింది.

నేసే శరీరం పడే శ్రమను తెరకెక్కించినది మాత్రం 2019లో విడుదలైన ‘మల్లేశం’. పోచంపల్లి నేతలో చీరకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పనిలో, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి; తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ దక్కింది. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికులలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. పొందూరు రాట్నం ముందు కూర్చున్న స్త్రీ, ఆసు పోసే తల్లి, రహమత్ నగర్ గదిలో సూది పట్టిన మనిషి ఒకరినొకరు ఎరుగకపోయినా, ఒకే బట్ట జీవితంలో భాగస్వాములు.

బట్టకు గంజి రెండుసార్లు పడుతుంది: నేతగాడి వీధిలో పడుగుగా ఉన్నప్పుడు ఒకసారి, చాకలి చేతిలో పంచెగా మారిన తరువాత మరొకసారి. మొదటి గంజి నేతను నిలబెడుతుంది, రెండవది మడతను నిలబెడుతుంది. ఉతికిన ప్రతిసారీ అది కొట్టుకుపోతుంది, ప్రతిసారీ మళ్లీ ఎవరో పట్టించవలసిందే. కొండ మీద సభలో తెల్లపంచె కట్టుకుని పెద్దమనిషి లేచి నిలబడినప్పుడు, కింది వీధిలో ఇస్త్రీ బండి దగ్గర ఎవరో ఆ పంచె అంచును సరిచేసి మడత పెట్టి ఉంటారు. తెలుగు చిత్రసీమ నిరాడంబరత చరిత్రను రాయడమంటే ఆ మనిషి కూలిని కూడా లెక్కలోకి తీసుకోవడం.